నలభయ్యో చిట్కా, నకలుతో సహా

తణుకులో మనుషుల తలల్లోంచి కంప్యూటర్ చిట్కాలు కత్తిరించి తీసుకునే కౌంటరుని సోమవారం నుంచి శుక్రవారం వరకూ పదిన్నరకి తెరుస్తారు. ఒంటిగంటన్నర నుంచి రెండున్నర దాకా భోజన విరామం. టోకెన్ తీసుకోవాలి. రెండు ఫొటోలు, ఒక జిరాక్సు, చిట్కా ఒక్కింటికి ఒక ఫారం. చెవికి చిన్న క్లిప్పు పెడతారు. నాలుగు నిమిషాలు కూర్చోవాలి. నొప్పి ఉండదు. లేచేటప్పుడు రసీదు ఇస్తారు. దాని మీద చిట్కా నెంబరు ఉంటుంది, చిట్కా ఉండదు.

నేలపూడి జోజిబాబు దగ్గర అలాంటి రసీదులు ముప్ఫై తొమ్మిది ఉన్నాయి. ఇంకొక్కటి ఉంటే నలభై. నలభై ఉంటేనే అతని ప్రగతి కంప్యూటర్స్‌కి మళ్లీ పర్మిషన్ ఇస్తారు.

కౌంటరు పెట్టిన చిట్కాల భాండాగారం వాళ్ల లెక్క సూటిగా ఉంది. కొత్తగా కంప్యూటర్ నేర్చుకునేవాళ్లు ఇకమీద ఏ అనుమానం వచ్చినా ఫోనులో భాండాగారాన్ని అడుగుతారు, అది చెబుతుంది. అది చెప్పాలంటే ముందు దానికి తెలియాలి. పెద్ద కాలేజీల్లో ప్రొఫెసర్లని మొదట అడిగి చూశారు. వాళ్ల దగ్గర పుస్తకంలో ఉన్నదే ఉంది. పనికొచ్చే ముక్క ఎప్పుడూ తప్పు చేసి, తిట్లు తిని, మళ్లీ కూర్చున్నవాడి దగ్గరే దొరుకుతుంది. అందుకని సందుల్లో సెంటర్లు పెట్టుకున్నవాళ్లకి నోటీసులు వెళ్లాయి. డిగ్రీ ఉన్నవాడికి పది చిట్కాలు, లేనివాడికి నలభై. జోజిబాబు ఇంటర్ తప్పాడు.

మొదట్లో భాండాగారం కాపీయే తీసేది. మనిషి దగ్గరున్నది మనిషి దగ్గర ఉండేది. జోజిబాబు తొలిరోజు ఇచ్చిన మొట్టమొదటి చిట్కాతో ఆ పద్ధతి మారిపోయింది. "ఒకే సంగతిని రెండు చోట్ల రాసి పెట్టకు. ఒక చోట దిద్దుతావు, రెండో చోట మర్చిపోతావు, ఆనక ఏది నిజమో నీకే తెలియదు." కోడు రాసేవాళ్లకి అతను పాతికేళ్లుగా చెబుతున్న మాట అది. పై ఆఫీసువాళ్లకి చాలా నచ్చింది. వారం తిరక్కుండా సర్క్యులర్ వచ్చింది. ఇకనుంచి కాపీ లేదు, కత్తిరింపే. జోజిబాబుని మళ్లీ పిలిపించి ఆ మొదటి చిట్కాని కూడా కత్తిరించుకున్నారు.

తర్వాతి వారం అతను కౌంటరు దగ్గర అడిగాడు.

"కాపీ తీసుకుంటే సరిపోద్ది కదమ్మా. కత్తిరించడం ఎందుకు?"

"రెండు చోట్ల ఉంటే ఏది నిజమో తెలీదండి," అంది కౌంటర్లో ఉన్న హైమావతి. "ఒక సంగతి ఒకే చోట ఉండాలంట."

జోజిబాబుకి ఆ మాట చాలా సబబుగా తోచింది. ఎవరో తెలివైనవాడే చెప్పి ఉంటాడనుకున్నాడు.

చిట్కా ఒక్కటే అయితే పెద్ద బాధ లేదు. దాంతోపాటు అది నేర్చుకున్న రోజు, ఆ రోజుకి అంటుకున్నవన్నీ కూడా వచ్చేస్తాయి. రెండింటినీ విడదీయడానికి ప్రయత్నించారు గాని, రోజు తీసేసిన చిట్కా పనిచేయలేదు. ఉత్త సలహా అయిపోయింది. సలహాలు భాండాగారంలో అప్పటికే బోలెడు ఉన్నాయి.

అలా జోజిబాబుకి చాలా రోజులు పోయాయి. పది నిమిషాలకోసారి సేవ్ కొట్టమన్నది పోయినప్పుడు, కరెంటు పోయి ఎవరిదో శుభలేఖ మొదటినుంచీ మూడుసార్లు కొట్టిన ఎండాకాలం పోయింది. ఫైలు పేరు మధ్యలో ఖాళీ వదలొద్దన్నదాంతో, సెంటరు పెట్టినప్పటి జతగాడు బెనర్జీ టీ ముక్కులోకి పోయేదాకా నవ్విన నవ్వు పోయింది. తప్పు చూపించినప్పుడు భయపడకుండా మొదటి లైను చదవమన్నదాంతో, పక్కన డిక్షనరీ పెట్టుకుని ఒక్కో ఇంగ్లీషు మాటా వెతుక్కున్న ఆరు నెలలు మొత్తం పోయాయి. ఇవి పోయినట్టు అతనికి తెలియదు. ఇంటికొచ్చాక భార్య రాజ్యలక్ష్మి అడిగేది.

"ఇవాళ ఏమిచ్చొచ్చారు?"

"ఏమో. ముప్ఫై మూడో నెంబరు."

ఆమె కాసేపు అదీ ఇదీ అడిగి, ఏది పోయిందో పట్టుకునేది. పట్టుకున్నాక లేచి అన్నం వడ్డించేది.

హైమావతి రెండువేల మూడులో జోజిబాబు దగ్గరే నేర్చుకుంది. ఒకసారి క్లిప్పు పెట్టించుకుంటూ అతను ఆ మాట కదిపాడు.

"నువ్వు మా సెంటర్లోనే నేర్చుకున్నావు హైమా. గోడపక్క మూడో సిస్టమ్. నీ పేరు తెరమీద ఎర్రగా పెద్దగా పడిందని సంబరంతో ఏడ్చేశావు. తుడుచుకోడానికి నా చేతిరుమాలు ఇచ్చాను, తిరిగివ్వలేదు."

ఆమె రిమార్కుల గడిలో అదంతా రాసుకుంది.

"అయ్యుంటదండి. ఉద్యోగంలో చేరిన రోజునే నావన్నీ ఇచ్చేశాను. చెయ్యి కదపకండి."

ఇప్పుడు అతని తలలో మిగిలింది ఒక్క చిట్కా. అది ఇవ్వడం ఇష్టంలేక జోజిబాబు ఒకటి సొంతంగా కల్పించి చూశాడు. మానిటరుని రోజూ ఉత్తరం వైపు తిప్పిపెట్టాలని రాసిచ్చాడు. క్లిప్పు అందులో రోజేమీ లేదని వెనక్కి ఇచ్చేసింది. గడువు శుక్రవారం. పర్మిషన్ రాకపోతే సగం కోర్సులో ఉన్న పద్నాలుగుమంది బయటికి పోతారు. వాళ్లలో చాలామంది తెల్లారి చేలో పనిచేసి, పదకొండింటికి వచ్చి కీబోర్డు ముందు కూర్చునేవాళ్లు. వాళ్లని చేర్చుకునే చోటు ఊళ్లో ఇంకోటి లేదు. మిగిలిన చోట్ల ఫీజుకన్నా ముందు ఇంగ్లీషు అడుగుతారు.

ఆ ఒక్క చిట్కా ఇది. "పేజీ మారకపోతే, నువ్వు దిద్దుతున్న ఫైలూ నువ్వు చూస్తున్న ఫైలూ ఒకటేనా? ముందు అది చూసుకో. తర్వాతే కంప్యూటర్ని తిట్టు."

అది తొంభై తొమ్మిది జూలైలోది. కింద జోజిబాబు సెంటరు, పైన విశ్వనాథం మాస్టారి టైపు ఇన్‌స్టిట్యూట్. పై అంతస్తువాళ్లు కింది అంతస్తువాళ్ల చేతి నీళ్లు తాగేవారు కాదు. జోజిబాబు చిరిగిన పుస్తకం ఒకటి పట్టుకుని మొదటి వెబ్ పేజీ తయారుచేస్తున్నాడు. తెల్లటి పేజీని నీలం చేద్దామని మూడు రోజులుగా కూర్చున్నాడు. రంగు మార్చడం, సేవ్ కొట్టడం, తెరిచి చూడటం. పేజీ తెల్లగానే ఉంటోంది. స్పెల్లింగు ఇరవైసార్లు చూశాడు. మూడో రోజు మధ్యాహ్నం మానిటరు నెత్తిన ఒక్కటిచ్చాడు కూడా.

పైన ఫ్యూజు కొట్టేస్తే తీగముక్క కోసం విశ్వనాథం మాస్టారి అమ్మాయి కిందికి దిగింది. తీగ వెతకడానికి బెనర్జీ వెళ్లాడు. ఆమె స్టూలు మీద కూర్చుని జోజిబాబు చేస్తున్నదంతా చూసింది. కంప్యూటర్ అంత దగ్గరగా చూడటం ఆమెకి అదే మొదలు. టైపు మిషను మీద మాత్రం ఏ అక్షరం ఎక్కడ నొక్కితే ఎక్కడ పడుతుందో కళ్లు మూసుకుని చెప్పగలదు.

"ఏవండీ, మీరు రాసి నొక్కినప్పుడు ఆ డబ్బాకి పచ్చ దీపం వెలుగుతందండి," అంది.

"ఆయ్. అది ఫ్లాపీ."

"చూడ్డానికి తెరిచినప్పుడు వెలగట్లేదు మరి."

జోజిబాబు చెయ్యి కీబోర్డు మీదే ఆగిపోయింది. మొదటిరోజు భద్రంగా ఉంటుందని పేజీని ఫ్లాపీలోకి కూడా ఎక్కించాడు. అప్పటినుంచీ దిద్దుతున్నది ఫ్లాపీలోది. చూస్తున్నది కంప్యూటర్ లోపలిది. ఫ్లాపీలోది తెరిచాడు. పచ్చ దీపం వెలిగింది, డబ్బా కిర్రుమంది, తెరంతా నీలం పరుచుకుంది.

"అంటే మూడు రోజులూ ఒకదాన్ని దిద్ది ఇంకోదాన్ని చూశారన్నమాట," అని రాజ్యలక్ష్మి వోణీ నోటికి అడ్డం పెట్టుకుంది. తీగ దొరికిందని బెనర్జీ వచ్చి చెప్పాక కూడా ఆమె లేవలేదు.

తర్వాతి ఏడాది రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లయింది. బెనర్జీ సాక్షి సంతకం పెట్టాడు. ఆ తర్వాత పదకొండేళ్లు పై అంతస్తు నుంచి టైపు మిషన్ల చప్పుడు వచ్చింది గాని మాట రాలేదు.

గురువారం మధ్యాహ్నం అన్నం దగ్గర జోజిబాబు కంచంలో వేళ్లు పెట్టుకుని కూర్చున్నాడు.

"ఎంత తవ్వినా ఇంకేం లేదు రాజ్యం. అదొక్కటే ఉంది."

"ఇచ్చేయండి."

"ఇచ్చేస్తే?"

"నా దగ్గరుందిగా. మీకెప్పుడు కావాలంటే అప్పుడు చెబుతాను."

"నువ్వు చెబితే నాకు గుర్తున్నట్టా, విన్నట్టా?"

"విన్నట్టే. వింటే మాత్రం ఏం పోయింది. పిల్లల కోర్సు మధ్యలో ఉంది. పప్పు వేసుకోండి, చల్లారిపోతంది."

అతను పప్పు వేసుకున్నాడు. ఆ పూట ఇద్దరూ ఆ పచ్చ దీపం మాటే మాట్లాడుకున్నారు. ఆమె మర్చిపోయినవి అతను చెప్పాడు, అతను ఎక్కువచేసినవి ఆమె కొట్టేసింది. మానిటరు మీద కొట్టింది ఒక దెబ్బ కాదని, మూడని తేలింది.

శుక్రవారం టోకెన్ పదిహేడు. నలభయ్యో ఫారం మిగతావాటిలాంటిదే, కౌంటరు పక్క కంప్యూటర్లో నింపాలి. ఆఖరి గడిలో ఈ చిట్కా మరెవరి దగ్గరైనా ఉందా, ఉంటే పేరు, బంధుత్వం అని ఉంది. గడి పక్కన చిన్న చుక్క. చుక్క ఉన్న గడి నింపకపోతే ఫారం ముందుకి పోదని జోజిబాబు వేలమందికి నేర్పాడు. ఆ చిట్కా తలలోంచి పోయి నెల దాటింది. వేళ్లలోంచి పోలేదు. వేళ్లు నేలపూడి రాజ్యలక్ష్మి, భార్య అని టైపు చేసేశాయి. అప్పుడతను గడి నిండినందుకు తృప్తిపడ్డాడు గాని, ఏం నిండిందో చూసుకోలేదు.

నాలుగు నిమిషాలయ్యాక హైమావతి రసీదు, పర్మిషన్ కాగితం కలిపి ఇచ్చింది.

"అయిపోయిందండి. ఇంక మీరు రానవసరం లేదు."

జోజిబాబు ఆమెకి నమస్కారం పెట్టి, సాయంత్రం క్లాసుకి వెళ్లిపోయాడు. తల తేలిగ్గా ఉంది.

ఎనిమిది రోజులకి రాజ్యలక్ష్మి పేరున నోటీసు వచ్చింది. భాండాగారంలో ఉన్న ఒక చిట్కాకి ఆమె దగ్గర నకలు ఉన్నట్టు తెలియవచ్చిందని, అసలు ఇక్కడే ఉన్నందున నకలు తీసుకోబడదని, తుడిచివేయబడుతుందని, హాజరు కాని పక్షంలో సదరు సెంటరు పర్మిషన్ నిలిపివేయబడుతుందని అందులో రాసి ఉంది.

"నీ పేరు వాళ్లకెలా తెలిసింది?" అన్నాడు జోజిబాబు.

"మీరే రాసిచ్చుంటారు."

"నేనెందుకు రాస్తాను?"

"అడిగితే రాయకుండా ఉండలేరు మీరు." ఆమె నోటీసు మడిచి సంచిలో పెట్టుకుంది. కోపం తెచ్చుకోవాలంటే అతనికి కారణం చెప్పాలి. చెబితే అతను వింటాడు, అంతే.

సోమవారం ఇద్దరూ వెళ్లారు. టోకెన్ నలభై నాలుగు, నడుస్తున్నది ముప్ఫై తొమ్మిది. బెంచీ మీద చోటు దొరికింది.

"ఒక సంగతి చెబుతాను వినండి," అంది రాజ్యలక్ష్మి.

ఫ్యూజు తీగ దగ్గర మొదలుపెట్టింది. స్టూలు, చిరిగిన పుస్తకం, మానిటరు మీద మూడు దెబ్బలు, పచ్చ దీపం. తొందరపడకుండా చెప్పింది. జోజిబాబు శ్రద్ధగా విన్నాడు. ఒకదాన్ని దిద్ది ఇంకోదాన్ని చూశాడన్న చోట గట్టిగా నవ్వాడు. పక్కన కూర్చున్నవాళ్లు చూశారు.

"ఉత్త తెలివితక్కువోడిలా ఉన్నాడే."

"అంత తక్కువేం కాదు."

"ఆ అమ్మాయి మాత్రం గట్టిది. తర్వాతేమైంది?"

"పెళ్లి చేసుకున్నారు."

"వాళ్ల వాళ్లు ఒప్పుకున్నారా?"

"లేదు."

"పాపం," అన్నాడు జోజిబాబు. నిజంగానే అన్నాడు.

నలభై నాలుగు పిలిచారు. రాజ్యలక్ష్మి లేచి కౌంటరు దగ్గరికి వెళ్లింది. హైమావతి క్లిప్పు పెడుతుంటే ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఒక్కసారి నాలో నేను అనుకోనా అమ్మా?"

"అనుకోండి. తొందరేం లేదండి." హైమావతి గోడ గడియారం వైపు చూసింది. "భోజనం టైముకి పావుగంట ఉంది."

తుడవడానికి నాలుగు నిమిషాలు అక్కర్లేదు, అరనిమిషం చాలు. తీసుకున్నదేమీ లేదు కాబట్టి రసీదు ఉండదు. రాజ్యలక్ష్మి సంచి సర్దుకుని బయటికి వచ్చింది. టీ తాగడానికి వెళ్లిన జోజిబాబు మెట్ల మీద ఎదురొచ్చాడు.

"అప్పుడే అయిపోయిందా?"

"ఆ. భలే తొందరగా చేశారు. అమ్మాయి మంచిది."

"కళ్లలో నీళ్లేంటి?"

"ఏమో. లోపల ఏసీ పడలేదేమో."

రెండు మెట్లు దిగి ఆమె ఆగింది.

"ఏవండీ, మన పెళ్లి ఎలా కుదిరింది?"

జోజిబాబు ఆలోచించాడు. ఏమీ తట్టలేదు. తట్టనప్పుడు అందరికీ ఉండేదే మనకీ ఉంటుందనుకోవడం తేలిక.

"మీ నాన్నగారు మా ఇంటికొచ్చి మాట్లాడుంటారు," అన్నాడు. "పెళ్లిచూపులు అయ్యుంటాయి. నువ్వు కాఫీ తెచ్చుంటావు."

"అంతే అయ్యుంటదిలెండి," అంది రాజ్యలక్ష్మి.

మెట్లెక్కుతున్నవాళ్లు దారి అడిగారు. ఇద్దరూ పక్కకి జరిగి నిలబడ్డారు.