నాలుగు చక్రాల తీర్మానం

చెట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టినవాళ్లు సగంలోనే లెక్క మర్చిపోయేంత పెద్ద అడవి ఒకటి ఉండేది. ఆ అడవికి ఒక పంచాయతీ, పంచాయతీకి ఒక పికప్ బండి, బండికి ఒక డ్రైవరు ఉండేవారు. ఆ డ్రైవరు జంబయ్య అనే ఎలుగుబంటి.

బండిని ఎప్పుడో చెట్లు కొలవడానికి వచ్చిన మనుషులు వానకు బెదిరి వదిలేసి పోయారు. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండి అది. పంచాయతీ దాన్ని రోగుల్ని మోసే పనికి పెట్టింది. ఎందుకంటే అడవి మొత్తానికీ ఉన్న ఒకే ఒక్క డాక్టరు, కొంగమ్మ గారు, జిగటవాగుకి అవతల ఉంటారు. ఆ వాగులో నీళ్లు మోకాలి లోతే. బురద ఎంత లోతో మాత్రం ఎవరూ చూసి చెప్పలేదు.

ఆ ఏడాది తొలి వానలప్పుడు చుక్కమ్మ అనే లేడికి నొప్పులు మొదలయ్యాయి. జంబయ్య ఆమెను బండి వెనకాల ఎండుగడ్డి మీద పడుకోబెట్టి బయలుదేరాడు. వాగు మధ్యకొచ్చేసరికి బండి ఆగిపోయింది. వెనక ఎడమ చక్రం గిర్రున తిరుగుతూ బురదను తాటిచెట్టంత ఎత్తుకి చిమ్ముతోంది. కుడి చక్రం కింద మంచి రాతినేల ఉంది. అయినా ఆ చక్రం తనకేమీ పట్టనట్టు నిలబడిపోయింది. ముందు రెండు చక్రాల సంగతీ అంతే. ఒకటి తిరుగుతోంది, ఒకటి చూస్తోంది.

"జంబయ్యన్నా, ఇంకెంతసేపు?" అని చుక్కమ్మ వెనకనుంచి మూలిగింది.

"వచ్చేశాం తల్లీ, వచ్చేశాం," అన్నాడు జంబయ్య. బండి అంగుళం కదల్లేదు.

చివరికి చుక్కమ్మ ఆ వానలో, ఆ వాగు మధ్యలో, బండిలోనే ఈనింది. అదృష్టం బాగుండి తల్లీ పిల్లా క్షేమం. అడవిలోవాళ్లంతా నవ్వుకుని పిల్లకి బురదయ్య అని పేరు పెట్టారు. జంబయ్యకు మాత్రం నవ్వు రాలేదు.

మర్నాడే కంటకమ్మ దగ్గరికి వెళ్లాడు. కంటకమ్మ ముళ్లపంది, మెకానిక్కు. రాతి చరియ కింద ఆమె షెడ్డు. స్పానర్లకి వేరే పెట్టె పెట్టుకోలేదు, అన్నీ వీపు మీద ముళ్లకే తగిలించుకుని తిరుగుతుంది.

"అక్కా, నాలుగు చక్రాలకూ బలం వస్తుందంటారు కదా. మరి నిన్న రెండు చక్రాలు ఊరికే ఎందుకు నిలబడ్డాయి?"

కంటకమ్మ బండి కిందికి దూరి, ఇరుసు మధ్యలో గుండ్రంగా ఉబ్బిన చోట స్పానరుతో తట్టింది.

"ఇది డిఫరెన్షియల్. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలిది తక్కువ పోవాలి. ఆ తేడా సర్దేది ఇదే. గట్టినేల మీద బంగారం లాంటిది. బురదలోకొచ్చేసరికి దీనికో పాడు అలవాటు. ఏ చక్రం తేలిగ్గా తిరిగితే దాన్నే తిప్పుతూ కూర్చుంటుంది. నేలమీద గట్టిగా నిలబడ్డదాన్ని పట్టించుకోదు."

"మన పంచాయతీలాగా అన్నమాట."

"ఆ మాట నువ్వన్నావు తమ్ముడూ, నేననలేదు," అంటూ కంటకమ్మ చుట్టూ ఒకసారి చూసుకుంది. "దీనికి మందు ఉంది. లాకు. పడిందంటే రెండు చక్రాలూ ఒక్కటై తిరుగుతాయి. ఒకటి జారినా రెండోది లాగుతుంది. అయితే లాకుల్లో రకాలున్నాయి. ఒక రకం దానంతటదే పడి దానంతటదే వదులుతుంది. గట్టిదే, కానీ మలుపుల్లో టకటకా కొట్టుకుంటుంది, రోగులు అదిరిపడతారు. ఇంకో రకం జారే చక్రాన్ని కాస్త అదుపులో పెడుతుందంతే. మన వాగుకి అది ఆనదు. మూడోది స్విచ్చి నొక్కితే పడుతుంది, మళ్లీ నొక్కితే వదులుతుంది. ఇప్పుడు చెప్పు, డాక్టరమ్మ ఇంటిదాకా బురద ఎంత?"

జంబయ్య కళ్లు మూసుకుని దారంతా మనసులోనే బండి నడిపాడు.

"వాగులో వంద అడుగులు. అవతలి ఒడ్డు ఎక్కాక అంతా బండరాయి. ఏడు మలుపులు."

"అయితే మూడోదే. వెనక ఇరుసుకి ఒక్కటి చాలు. ముందు కూడా బిగిస్తే, అది పడినప్పుడల్లా స్టీరింగు మొండికేస్తుంది. స్విచ్చి నీ చేతి పక్కనే పెడతాను. వాగులో దిగేముందు నొక్కు, గట్టెక్కగానే వదిలెయ్యి."

ఇంత సులువా అనిపించింది జంబయ్యకు. వాగులో బండి ఆగిపోయాక మొదటిసారి కడుపునిండా తిన్నాడు. ఇక పంచాయతీ ఒప్పుకోవడమే తరువాయి.

పంచాయతీ ప్రెసిడెంటు నీలాంబరం గారు నెమలి. ఆయన మాట పూర్తయినప్పుడల్లా పింఛం విప్పుతారు. అది ముడిచేదాకా ఇంకెవరూ మాట్లాడకూడదు. అందుచేత సభలు చాలాసేపు సాగేవి.

జంబయ్య విషయమంతా చెప్పాడు. రోడ్డుకి ఎడమవైపు చెట్ల సభ్యుడు, కొమ్మయ్య అనే కోతి, ముందుగా లేచాడు.

"జారింది ఎడమ చక్రం. కాబట్టి లాకు ఎడమ చక్రానికే వెయ్యాలి."

"అంటే కుడివైపు వాళ్లం ఏం పాపం చేశాం?" అన్నాడు కుడివైపు పొదల సభ్యుడు వరాలన్న. అతను అడవిపంది. "కుడి చక్రానికి వెయ్యకపోతే మా వాళ్లెవరూ బండి ఎక్కరు."

"అయ్యా, లాకు ఒక చక్రానికి వేసేది కాదండీ. రెండిటినీ కలిపేదే లాకు," అన్నాడు జంబయ్య.

"రెండిటినీ కలపడమా!" అన్నారు ఇద్దరూ ఒకేసారి. ఆ ఆలోచన ఇద్దరికీ నచ్చలేదు.

"సరే, ఆ స్విచ్చి ఎక్కడుంటుంది?" అన్నారు ప్రెసిడెంటుగారు.

"నా చేతి పక్కనండీ."

ప్రెసిడెంటుగారు మెడ సాచి చూశారు.

"ఎడమనీ కుడినీ ఎప్పుడు కలపాలో, ఎప్పుడు విడదీయాలో ఒక డ్రైవరు నిర్ణయిస్తాడా?"

"బురద ముందుగా కనిపించేది నాకే కదండీ."

"కనిపించడం వేరు, నిర్ణయించడం వేరు," అని ప్రెసిడెంటుగారు పింఛం విప్పారు.

స్విచ్చి తన గదిలో ఉండాలన్నారు ప్రెసిడెంటుగారు. తన చెట్టు మీద ఉండాలన్నాడు కొమ్మయ్య. తన పొదలో లేకపోతే ఊరుకోనన్నాడు వరాలన్న. మూడు సభలు ఈ పేచీతోనే ముగిశాయి. నాలుగో సభలో గుమాస్తా గోమాయి చిన్నగా దగ్గాడు. గోమాయి నక్క. అతను దగ్గితే తీర్మానం తయారైందని అర్థం.

"స్విచ్చి ఉంటేనే కదండీ ఎవరి చేతిలో అనే గొడవ? అసలు స్విచ్చే లేకుండా, ముందూ వెనకా నాలుగు చక్రాలూ ఎప్పటికీ లాకయ్యే ఉండేట్టు బిగించేస్తే? ఎడమకీ సమానమే, కుడికీ సమానమే."

సభ చప్పట్లతో మారుమోగింది.

"మరి మలుపు ఎలా తిరుగుతుంది?" అంది కంటకమ్మ వెనక వరసలోంచి.

గోమాయి శ్రద్ధగా రాసుకున్నాడు. 'మలుపుల విషయమై మెకానిక్కు గారి సందేహం సభ దృష్టికి వచ్చినది.' రాసి, పుస్తకం మూసేశాడు.

"గట్టిగా కాదనొచ్చుగా అక్కా?" అన్నాడు జంబయ్య, ఆమె బోల్టులు బిగిస్తుంటే.

"అన్నాను. రాసుకున్నారు కూడా. ఇంకేం కావాలి?" అంది కంటకమ్మ. విప్పిన సామాన్లన్నీ మాత్రం జాగ్రత్తగా గుడ్డలో చుట్టి లోపల పెట్టుకుంది.

ప్రారంభోత్సవం రోజున బండికి పూలతీగలు చుట్టారు. ప్రెసిడెంటుగారు, ఇద్దరు సభ్యులు వెనక నిలబడ్డారు. జంబయ్య వాగులో దించాడు. బండి ఎక్కడా ఆగలేదు. నాలుగు చక్రాలూ కలిసి బురదను తొక్కుకుంటూ అవతలి గట్టెక్కేశాయి. ఈలలు, కేకలు! తప్పు నాదేనేమో, పెద్దవాళ్లకే తెలుసేమో అని జంబయ్య క్షణంపాటు అనుకున్నాడు.

అప్పుడు మొదటి మలుపు వచ్చింది.

ఎలుగుబంటి బరువంతా స్టీరింగు మీద వేశాడు. టైర్లు రాతిమీద కీచుమని ఏడ్చాయి. ముందు ఇరుసులో ఫట్‌మని ఏదో విరిగింది. బండి మలుపుని గౌరవంగా పక్కన వదిలేసి, తిన్నగా వెళ్లి రేగుపొదలో దూరింది. సభ్యులిద్దరూ ముళ్లు పీకించుకున్నారు. ప్రెసిడెంటుగారి పింఛంలో సగం పొదకే మిగిలిపోయింది. ఆ తర్వాత కొన్నాళ్లు సభలు త్వరగా ముగిశాయి.

అందరూ కలిసి బండిని వాగు ఇవతలికి, కంటకమ్మ షెడ్డుదాకా ఈడ్చుకొచ్చాక విచారణ జరిగింది. గోమాయి నివేదిక చదివాడు. "లాకులు తీర్మానం ప్రకారమే పనిచేసినవి. బండి తిన్నగానే వెళ్లినది. పక్కకు తిరిగినది రోడ్డు."

ఏడు మలుపులూ తీసేయించడానికి ఒక కమిటీ వేశారు. కమిటీ పని పూర్తయ్యేదాకా బండిని ఎవరూ కదిలించరాదు, తుప్పు పట్టకుండా నూనె మాత్రం పెట్టవచ్చు అని కాగితం అంటించారు.

కంటకమ్మ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది.

"తమ్ముడూ, నూనె పెట్టాలంటే మూత విప్పాలి కదా?"

"విప్పాలి."

"మూత విప్పాక లోపలివన్నీ బయటికి తీసి తుడవాలి కదా?"

"తుడవకపోతే ఎలా అక్కా?" అన్నాడు జంబయ్య. చాలా రోజులకు అతని ముఖంలో నవ్వు కనిపించింది.

నూనె పెట్టడానికి నాలుగు రోజులు పట్టింది. అది పూర్తయ్యేసరికి విరిగిన ముక్క మారింది, ముందు ఇరుసు ఎప్పటిలా అయింది, వెనక ఇరుసులో స్విచ్చి లాకు కూర్చుంది. స్విచ్చి స్టీరింగు పక్కనే, కుడి పంజాకి అందేలా ఉంది.

ఐదో రోజు పొద్దున, జోరు వానలో వరాలన్న పిల్లను ఎత్తుకుని పరుగెత్తుకొచ్చాడు. సభలో వినిపించే గొంతు కాదది. అతని చివరి పిల్ల ఒళ్లు కాలిపోతోంది, కళ్లు తేలేసింది.

"జంబయ్యా... బండి..." అన్నాడు. కదిలించకూడదనే తీర్మానం మీద ముందు సంతకం అతనిదే.

జంబయ్యకు ఆ సంగతి నోటిదాకా వచ్చింది. పిల్లవైపు చూసి మింగేశాడు. "ఎక్కన్నా. గట్టిగా పట్టుకో."

వాగు అంచున స్విచ్చి నొక్కాడు. కింద టక్‌మంది. మధ్యకొచ్చేసరికి ఎడమ చక్రం కింద బురద జారింది. కుడి చక్రం నెమ్మదిగా, మొండిగా రాతిని పట్టుకుంది. బండి ముందుకు కదిలింది. గట్టెక్కగానే లాకు వదిలేశాడు. ఏడు మలుపులూ ఒకదాని తర్వాత ఒకటి మెత్తగా తిరిగాయి.

"ఇంకో గంట ఆగితే నా చేతిలో ఏమీ ఉండేది కాదు," అన్నారు కొంగమ్మ గారు, పిల్ల నోట్లో మందు పోస్తూ.

తిరుగు దారిలో వరాలన్న వాగు వైపు చూశాడు. తర్వాత అడిగాడు. "వాగు దగ్గర ఏదో నొక్కావే, అదేంటి?"

"హారనండీ."

"మోగలేదే?"

"రోగులున్నప్పుడు మోగకూడదండీ."

వరాలన్న ఒళ్లో నిద్రపోతున్న పిల్లను చూసుకున్నాడు. "మంచి హారను," అన్నాడు.

పిల్ల బతికిందని తెలిసి పంచాయతీ తన లాకుల తీర్మానాన్ని తానే అభినందించుకుని, బండిని కదిలించరాదన్న కాగితాన్ని పీకేసింది. కొమ్మయ్య మాత్రం, తిరగని బండి ఎలా తిరిగిందని ఆరా తీయడం మొదలుపెట్టాడు. అది విని కంటకమ్మ మూడు టేకు పలకలు తెచ్చింది. ఒక్కో పలక మీద ఒక్కో పెద్ద ఎర్ర స్విచ్చి. ఒకటి ప్రెసిడెంటుగారి గదిలో, ఒకటి కొమ్మయ్య చెట్టు మీద, ఒకటి వరాలన్న పొదలో బిగించింది.

"బండి ఎక్కడున్నా లాకులు తమ చేతిలోనే," అని ప్రెసిడెంటుగారికీ కొమ్మయ్యకూ విడివిడిగా చెప్పింది. వరాలన్నకు ఏమీ చెప్పలేదు, అతనూ ఏమీ అడగలేదు.

ఇప్పుడు ముగ్గురూ రోజూ పొద్దున్నే స్విచ్చి నొక్కుతారు. బండి వాగు దాటుతుంది. సభలో పేచీలు లేవు.

ఒకరోజు గోమాయి, ఎవరూ లేనప్పుడు, ప్రెసిడెంటుగారి పలకను వెనక్కి తిప్పి చూశాడు. ఒక్క తీగ కూడా లేదు. నేరుగా కంటకమ్మ షెడ్డుకి వెళ్లాడు. అక్కడే ఉన్న జంబయ్య చప్పున లేచి నిలబడ్డాడు.

గోమాయి చిన్నగా దగ్గాడు. "నాకూ ఒకటి చేసిపెట్టు కంటకమ్మక్కా. చిన్నదైనా చాలు."

నీతి: అధికారం ఎప్పుడూ పెద్దల చేతిలోనే ఉండాలి, తీగ మాత్రం తగిలించకూడదు.