మెలితోన్ పలకలేదు

ఆ శనివారం పొద్దున మెలితోన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పెరట్లో అరటిచెట్ల పక్కనున్న ఎరువుకుప్ప దగ్గర బోర్లా పడుకోవాలి. ఒంటినిండా ఎండుటాకులు కప్పుకోవాలి. పిట్ట వస్తే ఫొటో తియ్యాలి. అంతే.

పిట్ట అంటే ఏదో ఒక పిట్ట కాదు. నల్లని తల, ఆకుపచ్చని ఒళ్ళు, కుంకుమ పూసినట్టు పొట్ట. శాస్త్రజ్ఞులు కూడా దాన్ని మన తెలుగు మాటతోనే పిట్ట అంటారు. మకిలింగ్ కొండ కింద ఆ ఊళ్ళో అది అందరికీ వినబడుతుంది కానీ ఎవరికీ కనబడదు. సర్వే ఆఫీసులో రిటైరైన దగ్గర్నుంచీ మెలితోన్ మోచెయ్యంత లెన్సున్న కెమెరా మెడకు తగిలించుకుని దాని వెంట తిరుగుతున్నాడు. ఇన్నాళ్ళకీ దక్కింది తోక ఫొటో ఒక్కటే. అది తోకో ఆకో తేలలేదని భార్య సల్వా అంటుంది.

ఆ సల్వాకే నిన్న అది కనబడిందట. "బట్టలారేస్తుంటే నా కాళ్ళ దగ్గరే గెంతింది, కోడిపిల్లలాగా," అంది. మెలితోన్‌కి అన్నం సయించలేదు.

"ఎవరు పిలిచినా పలకను, కదలను," అని చెప్పి ఆకుల్లో దూరాడు.

"నువ్వు పలికితే మాత్రం ఎవరిక్కావాలి?" అంటూ సల్వా సంచీ పట్టుకుని సంతకు వెళ్ళిపోయింది.

ముందురోజు వానకు నేల తడిసి మంచులా ఉంది. చాలాసేపటికి అరటిచెట్ల వెనకనుంచి ఈల వినబడింది. మెలితోన్ ఊపిరి బిగబట్టాడు.

సరిగ్గా అప్పుడే పక్కింటి పసీటా వేడి వేడి బియ్యప్పిండి రొట్టెలు పట్టుకుని పెరట్లోకి వచ్చింది. ఆకుల్లోంచి రెండు పాదాలు కనబడ్డాయి. ఒకదానికి చెప్పు లేదు. మడమ మీద చీమలు బారుకట్టాయి.

"అన్నయ్యా!" అంది.

ఈల ఇంకా దగ్గరికొచ్చింది. కాసేపు ఊరుకుంటే ఈవిడే పోతుంది అనుకున్నాడు మెలితోన్. పసీటా పెరటిగోడకు ఆనించి ఉన్న చీపురు తీసి, దాని పుల్లలతో అరికాల్లో పొడిచింది. చక్కిలిగిలికి కళ్ళల్లో నీళ్ళొచ్చినా పళ్ళు బిగించాడు.

"అన్నయ్యోయ్! చచ్చిపోయావా?"

ఆ ప్రశ్నకూ అతను జవాబు చెప్పలేదు. రొట్టెలు నేలపాలు చేసి పసీటా వీధిలోకి పరుగెత్తింది.

పేట పెద్ద ఒనోఫ్రె వచ్చాడు, వెనకాల పేటంతా వచ్చింది. అతను వంగి పాదం ముట్టుకున్నాడు. "ఐసుగడ్డలా ఉంది. ప్రాణం పోయి చాలాసేపైంది."

"మొహమైనా చూద్దామయ్యా," అన్నారెవరో.

"ఎవరూ ముట్టుకోకండి! పోలీసులొచ్చేదాకా వేలు పెట్టకూడదు. టీవీలో చూళ్ళేదూ?"

మెలితోన్ నిర్ఘాంతపోయాడు. లేద్దామనుకున్నాడు. కానీ పేటంతా టోపీలు తీసి నిలబడ్డాక ఏమని లేస్తాడు? మంచి కారణం ఒకటి వెతుక్కుంటుండగా తలవైపున మాటలు మొదలయ్యాయి.

"పాపం, మంచి మనిషి."

"మంచివాడే. ఆ మైకు పెట్టి పాడకుండా ఉంటే ఇంకా మంచివాడు."

"అదేంటే, ప్రతి ఆదివారం చప్పట్లు కొట్టేదానివిగా?"

"పాట అయిపోయినందుకు కొట్టానమ్మా!"

ఇది అతనికి చావుకన్నా పెద్ద దెబ్బ. ఇక లేవాలన్న ఆశే చచ్చిపోయింది. ఇంతలో ఒనోఫ్రె టెంటు తెప్పించాడు. కుర్చీలొచ్చాయి, కాఫీ మరిగింది. ఆ ఊళ్ళో శవజాగరణకు పేకాట ఉండాలి గనక నలుగురు పేక కూడా కలిపారు.

సంతలో బండివాడి నోట కబురు విని సల్వా పరుగెత్తుకొచ్చింది. చేతిలో సంచీ లేదు, కాలికి చెప్పుల్లేవు. వచ్చి ఆకుల పక్కన కూలబడింది. కాపురం మొత్తంలో ఆవిడ ఏడుపు మెలితోన్ ఏనాడూ వినలేదు.

"నేనే చంపుకున్నానయ్యా నిన్ను! ఎవరిక్కావాలన్నాను... నాక్కావాలయ్యా! ఆ పిట్టని నేను చూళ్ళేదు, నిన్ను ఉడికిద్దామని అబద్ధమాడాను!"

ఆకులు ఒక్కసారిగా పైకి లేచాయి.

"ఏంటీ? చూళ్ళేదా?"

పసీటా నిలువునా కుప్పకూలింది. పేకాటగాళ్ళు ముక్కలు విసిరేసి గోడ దూకారు. ఎవరూ ముట్టుకోకూడదన్న ఒనోఫ్రె అందరికంటే ముందు గోడవతలి చేపలగుంటలో పడ్డాడు. సల్వా మాత్రం కదల్లేదు. తెల్లబోయి చూసింది, లాగి చెంపమీద ఒకటి కొట్టింది, ఆ చేత్తోనే అతని చొక్కా గుప్పెట్లో బిగించింది.

పెరడు సద్దుమణిగింది. అప్పుడు అరటిచెట్ల చాటునుంచి గెంతుకుంటూ వచ్చింది పిట్ట. ఆకుపచ్చని ఒళ్ళు, కుంకుమ పొట్ట. ఇద్దరి ముందూ నిలబడి, తీరిగ్గా ఒక వానపామును లాక్కుంది.

ఆకుల్లో పడున్న కెమెరా చెయ్యి చాపితే అందేంత దూరంలోనే ఉంది. చాపాలంటే చొక్కా వదిలించుకోవాలి. మెలితోన్ వదిలించుకోలేదు.

పిట్ట వెళ్ళిపోయింది. "తీశావా?" అంది సల్వా ముక్కు చీదుతూ.

"లేదు."

పసీటాకి నీళ్ళు చల్లి లేపారు. పారిపోయినవాళ్ళు ఒక్కొక్కరే గోడమీంచి తొంగిచూసి, మెలితోన్‌కి నీడ ఉందో లేదో చూసుకుని, వెనక్కొచ్చారు. టెంటు ఎలాగూ వేశారు గనక, పేకాట పొద్దుగుంకేదాకా సాగింది.