గౌరమ్మ ఆవు, పావు డాలరు

పద్నాలుగు నెలల్లో ఏడు వేల అయిదు వందల శాతం పెరిగిన ఆదాయాన్ని మీరెక్కడైనా చూశారా? బ్యాంకు డిపాజిట్ అంత పెరుగుతుందా? బంగారం పెరుగుతుందా? టమాటా పెరుగుతుంది గానీ, మరుసటి వారమే దాన్ని రోడ్డు మీద పారబోస్తారు. మదనపల్లెలో ఫోటో స్టూడియో నడిపే లోకనాథ్ ఆదాయం పెరిగింది. ఎవరూ పారబోయలేదు.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, ఉన్న పని మానేసి అందరూ కెమెరా పట్టుకోవాలని, తీసిన ఫోటోలు ఆన్‌లైన్‌లో అమ్ముకోవాలని మనవి. దీన్ని స్టాక్ ఫోటోగ్రఫీ అంటారు. ఫోటో తీసి ఒక వెబ్‌సైటులో పెడతాం. ప్రపంచంలో ఎవరికి అవసరమైతే వాళ్లు డబ్బు కట్టి దించుకుంటారు. సైటు తన వాటా తీసుకుని, మన వాటా మన పేరు మీద రాస్తుంది. ఆవును ఒకసారే అమ్మగలం. ఆవు ఫోటోను ఎన్నిసార్లయినా అమ్మవచ్చు.

లోకనాథ్‌కు నలభై ఆరేళ్లు. స్టూడియో తండ్రి పెట్టింది. పెళ్లిళ్లు డ్రోన్లు ఉన్నవాళ్లకు పోయాయి. పుట్టినరోజులు ఫోన్లకు పోయాయి. పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు మిగిలాయి. వాటిని కూడా జనం గోడకు దుప్పటి కట్టి ఇంట్లోనే తీసుకుంటున్న రోజుల్లో, కుప్పంలో జనార్దన్ అనే ఆయన ఒక కల్యాణమండపం భోజనాల హాల్లో స్టాక్ ఫోటోగ్రఫీ శిక్షణ పెట్టాడు. ఒక రోజు శిక్షణ, మూడు వేలు ఫీజు, భోజనం కలిపి. నలభై మంది వచ్చారు.

మీరు నిద్రపోతున్నా మీ ఫోటో పని చేస్తూనే ఉంటుందని జనార్దన్ చెప్పాడు. లోకనాథ్ నోటుపుస్తకంలో రాసుకున్నాడు. ఫోటోల పేరు చెప్పి ఆ ఒక్క రోజులో లక్షా ఇరవై వేలు సంపాదించినవాడు ఆ హాల్లోనే ఉన్నాడన్న సంగతి మాత్రం ఎవరూ రాసుకోలేదు.

తిరిగి వస్తూ లోకనాథ్ కుప్పం రైల్వే స్టేషన్ ఫోటో తీసి సైటుకు పంపాడు. సైటు తిప్పి పంపింది. ప్లాట్‌ఫాం మీద పదకొండు మంది ముఖాలు కనబడుతున్నాయి, ఒక్కొక్కరి అంగీకార పత్రం మీద సంతకం కావాలి అంది. ఆ పదకొండు మందీ అప్పటికి బంగారుపేట దాటి ఉంటారు.

టమాటా మార్కెట్ ఫోటోలు పంపాడు. టమాటాలు తమ దగ్గర ఇప్పటికే పద్దెనిమిది లక్షలున్నాయని సైటు జవాబిచ్చింది. మదనపల్లె మార్కెట్ యార్డుకు కూడా ఇంత సరుకు ఒక్కసారి వచ్చినట్టు లోకనాథ్ వినలేదు.

ఇక స్టూడియో ఎదురుగా కుట్టుమిషన్ పెట్టుకున్న నూరుల్లా ముఖం మీద ఆశ పెట్టుకున్నాడు. గడ్డం, కళ్లద్దాలు, మెడలో టేపు. ఫోటో కుదిరింది. అంగీకార పత్రం మూడు పేజీలు, మొత్తం ఇంగ్లీషు. నూరుల్లా మూడు పేజీలూ తిరగేసి, ఇది ఏ స్థలం మీద రాసిన కాగితమని అడిగాడు. స్థలం కాదు, నీ ముఖం మీద అన్నాడు లోకనాథ్.

"ముఖానికి సర్వే నంబరు యాడుంది అప్పా?" అన్నాడు నూరుల్లా.

సర్వే నంబరు లేని కాగితం మీద సంతకం పెట్టి మా తాత మూడు ఎకరాలు పోగొట్టుకున్నాడని చెప్పి, ఆ అంగీకార పత్రాన్ని రిజిస్ట్రార్ ఆఫీసు ముందు కూర్చునే దస్తావేజు లేఖరికి చూపించాడు. ఆయన చదివి, ఇందులో నాలుగు హద్దులు రాయలేదు, చెల్లదు అన్నాడు. తూర్పున ఒక చెవి, పడమర ఒక చెవి అని రాయిద్దామా అని లోకనాథ్ అడిగితే, ఆయన నవ్వకుండా స్టాంపు పేపరు ఖర్చు ఎంతవుతుందో చెప్పాడు.

చూశారా, ఈ వృత్తి మనిషికి చట్టం కూడా నేర్పుతుంది.

ఆవులు సంతకం పెట్టనక్కర్లేదు. ఆ సంగతి తెలిసిన మరునాడే లోకనాథ్ పుంగనూరు బస్సు ఎక్కాడు. ఊరికి ఆరు కిలోమీటర్ల దూరంలో నల్లగుట్లపల్లె అనే పల్లెలో గౌరమ్మ దగ్గర పుంగనూరు ఆవు ఉంది. మూడడుగుల ఎత్తు. పేరు బుడ్డి. పిలిస్తే వంటింట్లోకి వస్తుంది. లోకనాథ్ దాన్ని గడప మీద నిలబెట్టి ఫోటో తీశాడు. ఈ ఫోటో ఎందుకని గౌరమ్మ అడిగితే, ప్రపంచమంతా చూస్తుందన్నాడు. చూడనీ అంది ఆమె. మజ్జిగ ఇచ్చింది.

ఫోటోతో పాటు వివరాలు రాయమని సైటులో ఒక గడి ఉంటుంది. మిగతా లోకం అందులో 'చిన్న ఆవు, ఇండియా' అని రాసి ఊరుకుంటుంది. లోకనాథ్ స్టూడియోలో అలా కుదరదు. పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఊరు, మండలం రాయకుండా ఆ స్టూడియోలో ఏ కవరూ బీరువాలోకి వెళ్లదు. ఒకే ఒక్కసారి రాయడం మరిచిపోతే పెద్దమండ్యం పెళ్లికూతురి ఫోటో కురబలకోటలో ఎవరికో చూసిన సంబంధానికి వెళ్లింది. అక్కడ నిశ్చయ తాంబూలాల దాకా వచ్చింది. అప్పటినుంచి తండ్రి పెట్టిన నియమమది.

లోకనాథ్ ఆ గడిలో ఇంగ్లీషు అక్షరాలతో ఇలా నింపాడు: బుడ్డి, పుంగనూరు ఆవు, యజమానురాలు గౌరమ్మ, భర్త కీర్తిశేషులు గంగులప్ప, వాటర్ ట్యాంకు ఎదురిల్లు, నల్లగుట్లపల్లె, పుంగనూరు మండలం.

మొదటి నెలలో ఒకరు కొన్నారు. లోకనాథ్ వాటా పావు డాలరు, అంటే ఇరవై ఒక్క రూపాయలు. భార్య భారతికి చూపించాడు. రెండో నెల నలుగురు. ఆరో నెల పంతొమ్మిది మంది. పద్నాలుగో నెల డెబ్బై ఆరు మంది. ఒకటి డెబ్బై ఆరయితే ఎంత శాతమో లోకనాథ్ కాలిక్యులేటర్ మీద రెండుసార్లు వేసి చూసుకున్నాడు. ఆ అంకెను కాగితం మీద రాసి స్టూడియో అద్దానికి అంటించాడు.

భారతి మాత్రం లెక్క వేరే వైపు నుంచి అడిగేది. "ఆదాయం వస్తాండాది, వస్తాండాది అంటావు. యాడికి వస్తాండాది?"

ఇక్కడ కంపెనీ మంచితనం గురించి చెప్పాలి. వంద డాలర్లు నిండేదాకా అది డబ్బు చేతికివ్వదు. ఎందుకివ్వాలి? ఇస్తే ఖర్చయిపోదా? మన ఇళ్లలో ఎవరైనా మన డబ్బును ఇంత పట్టుదలగా కాపాడారా? లోకనాథ్ ఖాతాలో తొంభై ఏడు డాలర్లు భద్రంగా ఉన్నాయి. స్టూడియో అద్దె మూడు నెలలది బాకీ ఉంది. వంద నిండిన రోజు ఒక నెల అద్దె కట్టి, మిగతా దానికి గడువు అడగాలని అతని ఆలోచన. కట్టకపోతే గది ఖాళీ చేయమని యజమాని అప్పటికే చెప్పాడు. మూడు డాలర్లు, అంటే పన్నెండు మంది. వారం కూడా పట్టదు.

సరిగ్గా ఆ వారంలోనే గౌరమ్మ ఫోన్ చేసింది. "ఏమప్పా, నా బుడ్డిని ఎవురికి అమ్మితివి?"

లోకనాథ్ వెళ్లేసరికి వాటర్ ట్యాంకు దగ్గర ఒక సరుకుల ఆటో ఆగి ఉంది. అందులో గడ్డి పరిచి ఉంది. గౌరమ్మ గడపకు అడ్డంగా కూర్చుని ఉంది. ఆవు ఆమె వెనక ఇంట్లో ఉంది. వాకిట్లో కొత్త పలుపు చేత్తో పట్టుకుని ఒకాయన నిలబడి ఉన్నాడు. పేరు మునిరాజు, వెంకటగిరికోటలో ఎరువుల కొట్టు.

మునిరాజు చెప్పింది ఇది. కొట్టు మీద రెండంతస్తులు కట్టాడు. గృహప్రవేశం ఆదివారం. ముందు ఆవు అడుగు పెట్టాలి. మామూలు ఆవు మెట్లెక్కదు. పుంగనూరు ఆవయితే ఎక్కుతుందని ఎవరో చెప్పారు. ఫోన్‌లో వెతికితే ఒక గోశాల పేరుతో ప్రకటన కనిపించింది. ఫోటో, ఆవు పేరు, ఇంటి గుర్తుతో సహా ఉంది. పదిహేను వేలు అడ్వాన్సు పంపాడు. గురువారం ఆవు ఇంటికే వస్తుందన్నారు. గురువారం ఆవు రాలేదు. ఆ నంబరు పలకడం లేదు. అడ్రసు ఉంది కదా అని తనే వచ్చాడు.

"ఈయన నాలుగో మనిషి," అంది గౌరమ్మ. "ముందు ముగ్గురూ తిట్టి పోయినారు. ఈయన పలుపు తెచ్చినాడు."

లోకనాథ్ ఆ ప్రకటన అడిగి చూశాడు. తన ఫోటోయే, కింద గడిలో తను రాసిన వివరాలే. డబ్బు కట్టనివాళ్లకు అడ్డంగా కనిపించే సైటు ముద్ర ఫోటో మీద లేదు. అంటే వాళ్లు డబ్బు కట్టి దించుకున్నారు. ఆ గోశాలవాళ్లు మనుషుల్ని ముంచారే తప్ప ఫోటోగ్రాఫర్ హక్కును మాత్రం ముట్టుకోలేదు. అతని పావు డాలరు అతనికి చేరింది. ఊళ్లో పేరున్న షాపులవాళ్లు అతను తీసిన ఫోటోలు అడగకుండా ఫ్లెక్సీల మీద వేసుకున్నారు. ఇలాంటి నిజాయితీపరులు వాళ్లలో ఒక్కరున్నారా?

ఇన్నాళ్లూ కొన్నవాళ్లలో ఇలాంటి గోశాలలు ఎన్నో లోకనాథ్‌కు తెలియదు. ఆ క్షణంలో లెక్క వేయబుద్ధి కాలేదు.

మునిరాజుకు అతను జరిగింది చెప్పాడు. అమ్మింది ఆవును కాదు, ఫోటోను అన్నాడు. మునిరాజు పలుపును ఆటోలో పడేశాడు. "చదువుకున్నోడిని. ఆవును చూడకుండా దుడ్లు పంపినా," అన్నాడు. తర్వాత గౌరమ్మ వైపు తిరిగి, పలుపు పట్టుకుని వచ్చినందుకు ఏమీ అనుకోవద్దన్నాడు.

గౌరమ్మ అతన్ని మంచం మీద కూర్చోమంది. ఆదివారం పొద్దున ఆటో పంపితే ఆవుతో తనే వస్తానని, మెట్లెక్కించి, హారతి అయ్యాక తిరిగి తోలుకొచ్చుకుంటానని చెప్పింది. ఎంతివ్వాలని మునిరాజు అడిగాడు. ఆటో బాడుగ పెట్టుకో చాలంది. తర్వాత లోకనాథ్ వైపు తిరిగి, ఆ ఫోటోను లోకంలోంచి తీసేయమంది.

లోకనాథ్ సరేనన్నాడు. తీసేస్తానన్నాడు. ఒక్క వారం ఆగమన్నాడు. ఇంకా పన్నెండు మంది కొంటే వంద నిండుతుందని, నిండితేనే డబ్బు చేతికి వస్తుందని, అది అద్దె డబ్బని, అమ్ముడుపోయే ఫోటో తన దగ్గర ఇదొక్కటేనని వివరించాడు.

"పన్నెండు మంది నా వాకిట్లోకి రావల్లనా?"

అందరూ రారన్నాడు లోకనాథ్.

"నా ఆవు పేరు చెప్పి ఇంతవరకు నీ చేతికి ఎంత వచ్చింది అప్పా?"

ఖాతాలో తొంభై ఏడు డాలర్లు ఉన్నాయని చెప్పాడు. ఖాతా సంగతి కాదు, చేతికి అంది ఆమె. చేతికి ఇంకా రాలేదన్నాడు. జనార్దన్‌కు కట్టింది ఎంతని అడిగింది. మూడు వేలు. బస్సు చార్జీలు? అవి రాసుకోలేదు. ఎన్నాళ్లయింది? పద్నాలుగు నెలలు. ఇదంతా అడుగుతున్నంతసేపూ గౌరమ్మ ఇద్దరికీ మజ్జిగ పోస్తూనే ఉంది.

గ్లాసు లోకనాథ్ చేతికిచ్చి అంది: "నీకంటే ఈ వెంకటగిరికోట ఆయనే నయం అప్పా. మోసపోయినానని ఈయనకు తెలిసింది."

లోకనాథ్ మజ్జిగ తాగాడు. ఫోన్ తీశాడు. ఫోటోను తొలగించాలా అని సైటు అడిగింది. అవునని నొక్కాడు. నిజంగానేనా, మరోసారి ఆలోచించుకోండి అంది. పద్నాలుగు నెలల్లో ఆ కంపెనీ అతని అభిప్రాయం అడగడం అదే మొదటిసారి.