ఎలీసమ్మ ఫోన్లో హత్య

"అద్దంకిలో నేరం చేసి తప్పించుకోవాలంటే ముందు నేను పోవాలి. నేను బతికుండగా అది జరగదు. రాసిపెట్టుకో," అని ప్రకటించాడు శ్యామ్ సుందర్, జిరాక్స్ మిషన్ మీద చెయ్యేసి.

సుభానీ రాసిపెట్టుకోలేదు. ఈ ప్రకటన అతను వింటూనే ఉంటాడు. శ్యామ్ సుందర్‌కి జిరాక్స్ షాపుంది, నల్ల కళ్ళద్దాలున్నాయి, 'ప్రైవేట్ డిటెక్టివ్' అని అచ్చేసుకున్న విజిటింగ్ కార్డులున్నాయి. లేనివల్లా కేసులే. సుభానీకి ఆటో ఉంది. బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్న పాపానికి ఆ డిటెక్టివ్‌కి వాహనం, డ్రైవరు, అసిస్టెంటు, అన్నీ తనే అయ్యాడు.

ఆ రోజు నోరు జారింది మాత్రం సుభానీయే. మిరపకాయల పనికి రోజూ తన ఆటోలో వెళ్ళే ఎలీసమ్మ పొద్దున ఏడుస్తూ ఎక్కింది. ఆమె ఫోన్లో మెమరీ కార్డు పనిచెయ్యడం మానేసింది. పోయినేడు చనిపోయిన ఆమె భర్త ప్రభు పాడిన పాట ఆ కార్డులోనే ఉంది. ఆయన గొంతు ఇంకెక్కడా లేదు.

"కార్డు చచ్చిపోయిందన్నాడంటరా సెల్ షాపతను," అన్నాడు సుభానీ.

శ్యామ్ సుందర్ కళ్ళద్దాలు తీశాడు. "చచ్చిపోయిందా, చంపారా?"

"కార్డురా అది."

"హంతకుడికి కావలసిందీ అదే, నీలాంటి వాళ్ళు అలా అనుకోవడం. ఆటో తియ్."

ఊరి బయట రామాంజనేయులు కల్లం. నేలంతా పట్టాలు, పట్టాల నిండా ఎర్రటి మిరపకాయలు. ఆడవాళ్ళు వరసగా కూర్చుని తెల్లబడిపోయిన తాలుకాయలు ఏరి పక్కన పడేస్తున్నారు. శ్యామ్ సుందర్ ఆటోలోంచి దూకి రెండు చేతులూ చాపాడు.

"ఎవరూ కదలొద్దు."

"కూర్చునే ఉన్నాం గదయ్యా," అంది కోటిరత్నం, తల ఎత్తకుండా.

"ఎలీసమ్మగారూ, మీరు కాక ఆ ఫోను ముట్టుకున్నదెవరు?"

"ఈ అయ్యే. ఎవరికో ఫోన్ చెయ్యాలని నిన్న అడిగాడు," అంటూ రామాంజనేయుల్ని చూపించింది ఎలీసమ్మ.

శ్యామ్ సుందర్ ఆసామి చేతులు పట్టుకుని తిప్పి చూశాడు. "ఎర్రగా ఉన్నాయే."

"మిరపకాయలయ్యా. ఇక్కడ ఎవరివి ఎర్రగా లేవు?"

ఆడవాళ్ళందరూ చేతులెత్తి చూపించారు. అన్నీ ఎర్రగానే ఉన్నాయి. శ్యామ్ సుందర్ రెండడుగులు వెనక్కి వేశాడు.

"ముఠా," అని సుభానీ చెవిలో అన్నాడు. "ఇంత పెద్ద ముఠాని నా సర్వీసులో చూడలేదురా."

"నీ సర్వీసులో ఏం చూశావని?"

"బాబూ, పాట దొరుకుద్దా?" అని అడిగింది ఎలీసమ్మ.

సుభానీ ఆటో వైపు చూశాడు. ఆశ పెట్టి ఇతన్ని ఇక్కడికి తెచ్చింది తనే. ఇప్పుడు మాయమైపోదామంటే, సాయంత్రం వీళ్ళని ఇళ్ళకి చేర్చాల్సిన ఆటో కూడా తనదే.

"పోస్టుమార్టం చేద్దాం," అన్నాడు శ్యామ్ సుందర్. ఫోన్లోంచి కార్డు తీసి ఎడమ గుప్పిట్లో పెట్టుకున్నాడు. కుడిచేత్తో ఓ మిరపకాయ తీసి, అదే హత్యాయుధమైనట్టు విరిచి, గింజలు నలిపి, వాసన చూశాడు. తర్వాత కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి, అదే చేత్తో కళ్ళ మీది చెమట తుడుచుకున్నాడు.

కాసేపు ఏమీ జరగలేదు.

"సుభానీ."

"ఏందిరా?"

"నాకేం కనపడటం లేదు."

ఆ తర్వాత అతను అరిచిన అరుపుకి దూరాన గేదె తాడు తెంపుకుంది. కాయల మీదుగా, కోటిరత్నం అన్నం క్యారేజీ మీదుగా పరిగెత్తి, నీళ్ళ తొట్టి తగలగానే తలా చేతులూ కలిపి అందులో ముంచేశాడు. గుప్పిట విడిపోయింది.

సుభానీ భుజం దాకా చెయ్యి దించి, తొట్టి అడుగంతా తడిమి, గోరంత కార్డుని పైకి తెచ్చాడు. ఎలీసమ్మ మొహంలోకి చూడలేక నేలకేసి చూస్తూ అందించాడు. ఆమె దాన్ని కొంగుతో అద్ది, పెంకు మీద ఎండలో పెట్టింది. అందరూ అన్నాలు తిన్నాక, ఇక పోయేదేముందని మళ్ళీ ఫోన్లో వేసింది.

కార్డులోని ఫొటోలు ఒక్కొక్కటే తెర మీదికొచ్చాయి.

"మిరప దుమ్ము పట్టుంటది. నీళ్ళకి కడుక్కుపోయింది," అన్నాడు రామాంజనేయులు.

"దీన్ని మా వృత్తిలో జలపరీక్ష అంటారు," అన్నాడు శ్యామ్ సుందర్, కళ్ళ మీద తడిగుడ్డతో. "కావాలనే ముంచాను."

ఎలీసమ్మ వేలితో నొక్కింది. పాట మొదలైంది. ప్రభు గొంతు బొంగురుగా, శ్రుతికి ఒక వీధి అవతల నడుస్తోంది. ఆడవాళ్ళ చేతులు ఆగిపోయాయి. పాట అయిపోయింది కానీ గొంతు ఆగలేదు.

"ఎలీసా, ఇదెట్టా ఆపాలే?"

కోటిరత్నం ఫక్కున నవ్వింది.

"మరి రికార్డింగ్ ఎలా ఆపాడు?" అడిగాడు డిటెక్టివ్.

"ఆపలా బాబూ. ఛార్జింగ్ అయిపోయేదాకా జేబులో ఏసుకుని అట్టానే తిరిగాడు."

ఎలీసమ్మ సౌండు పెంచి, ఫోనుని పట్టా అంచున పెట్టుకుని కాయల ముందు కూర్చుంది. ఫోన్లో ప్రభు కోళ్ళని అదిలించాడు, చెప్పులు వెతుక్కున్నాడు, గ్లాసు చప్పుడు చేశాడు.

"టీలో పంచదార లేదేందే?"

"డాక్టరు వద్దన్నాడుగా," అంది ఎలీసమ్మ, తాలుకాయ పక్కకి పడేస్తూ.