బతికున్న మనిషి, రెండో వెర్షన్

నాగరికత అంటే మరేమీ కాదు, ఒక తప్పును అందరూ ఒకేలా చేయగలగడం.

కార్యాలయాల కంప్యూటర్లన్నీ ఉమ్మడిగా వాడుకునే కోడ్ లైబ్రరీ ఒకటుంది. అందులో 'బతికున్న మనిషి' అంటే ఎవరో నిర్వచించారు: ఈమధ్య ఏదో ఒక కార్యాలయానికి దరఖాస్తు పెట్టుకున్నవాడు. (దరఖాస్తు పెట్టాలంటే ముందు బతికుండాలి. ఆ నిబంధన వేరే ఫైల్లో ఉంది.)

ఆ లైబ్రరీని చూసుకునే ప్రోగ్రామర్‌కు ఈ సంగతి ఇంట్లోనే తగిలింది. ఆమె మామగారు దర్జీ. ఏ ఆఫీసు గడపా తొక్కకుండా హాయిగా బతికేసిన మనిషి. కళ్లకు పొరలు కమ్మి సూదిలో దారం ఎక్కించలేకపోతుంటే, ఆపరేషన్ కోసం ఆస్పత్రి యాప్‌లో ఆయన పేరు నమోదు చేసింది. 'మీ మృతికి మా ప్రగాఢ సంతాపం' అని జవాబొచ్చింది.

"ఏమంటోందమ్మా అది?" అన్నాడాయన, చదవలేక.

"ఏం లేదు మామయ్యా, సర్వర్ బిజీగా ఉందట."

మర్నాడు ఆఫీసుకెళ్లి ఆ ఒక్క లైనూ సరిచేసింది: మరణం నమోదు కానివారంతా బతికున్నట్టే. మధ్యాహ్నానికల్లా గగ్గోలు మొదలైంది. శ్మశానాల శాఖ కేటాయించిన స్థలాలన్నీ రద్దయ్యాయి. ఇంతమంది ఒక్కసారిగా బతికితే కుర్చీలు ఎక్కణ్ణుంచి తేవాలని క్యూల శాఖ మొత్తుకుంది. సాయంత్రానికి పాత లైను తిరిగొచ్చింది. పాత కోడ్‌తో నడిచేవేవీ ఆగిపోకుండా కాపలా కాసే పూర్వానుకూలతా సంఘం ఆమెను పిలిపించింది.

"ఆ నిర్వచనం తప్పు కదండీ," అందామె.

"తప్పేనమ్మా," అన్నాడు అధ్యక్షుడు మర్యాదగా. "కానీ అందరికీ అలవాటైన తప్పు. దాని జోలికి పోకూడదు. పక్కన 'బతికున్న మనిషి-2' అని కొత్తది పెట్టుకోండి, ఎవరొద్దన్నారు?"

"ఆస్పత్రివాళ్లు దాన్ని వాడతారా?"

"మిగతావాళ్లంతా వాడాక వాడతారు."

"ఈలోపు మా మామయ్య ఏం కావాలండీ?"

సంఘ సభ్యులు కాసేపు గుసగుసలాడుకున్నారు. ఇలాంటి ప్రశ్న ఇంతవరకూ ఎవరూ అడగలేదు కాబోలు.

"పాత నిర్వచనం మీద కార్యాలయాలన్నీ ఆధారపడి ఉన్నాయి," అన్నాడు అధ్యక్షుడు. "మీ మామయ్య మీద ఎవరు ఆధారపడి ఉన్నారు?"

ఆమెకు ఇంట్లో కుట్టుమిషన్ గుర్తొచ్చింది. పాప బడి గౌను సగం కుట్టి మిషన్ మీదే ఉంది.

"నేనూ, మా ఆయనా, మా పాపా," అంది.

అధ్యక్షుడు సానుభూతిగా తలూపి, గుమస్తాతో తీర్మానం రాయించాడు: 'వాడుతున్నవారు స్వల్పం కనుక, తగిన ముందస్తు నోటీసుతో మామయ్యను దశలవారీగా ఉపసంహరించవచ్చు.'