ఐదు తాళాల పెట్టె

శుక్రవారం పొద్దున ఆసుపత్రి ఆఫీసు గుమాస్తా లైసన్ చిపేత పెట్టుకున్న పనులు మూడే. పదింటికి ఆసుపత్రిలో టెండరు పెట్టె తెరవడం, మధ్యాహ్నంలోగా టెండరు ఎవరికి దక్కిందో కాగితం పంపించడం, వస్తూ వస్తూ సరస్సు ఒడ్డున చేపలు కొనడం. మూడింట్లోకీ కష్టమైనది చేపల బేరమేననుకున్నాడు.

"కాస్త పెద్దవి తీసుకురా, తియాంజె వాళ్ళ నాన్నా. పోయినసారి తెచ్చినవాటికి కళ్ళు తప్ప ఏమీ లేవు," అంది భార్య ఫలేసి, చొక్కా ఇస్త్రీ చేస్తూ. "పెట్టె తాళంచెవి పెట్టుకున్నావా?"

"మెళ్ళోనే ఉంది."

"అదేమో మెళ్ళో ఉంటుంది. మన మొక్కజొన్నల గది తాళంచెవి మాత్రం వారానికోసారి పోతుంది."

ఆ పెట్టెకు తాళాలు ఐదు. లుంజి ఆసుపత్రి కాన్పుల వార్డుకు పన్నెండు మంచాలు కొనిస్తామని ఓ చలిదేశపు దాతల సంస్థ ముందుకొచ్చింది. టెండరు పెట్టెకు రెండు తాళాలుండాలని సర్కారు నియమం. మూడుండాలని దాతల నియమం. రెండు నియమాల పుస్తకాలనూ కలిపి ఒకే పద్ధతి చేద్దామని రెండేళ్ళపాటు సమావేశాలు జరిగాయి. బిస్కెట్లు బాగానే ఖర్చయ్యాయి. ఎవరి నియమం వాళ్ళకు ముద్దు కాబట్టి, చివరికి నిజంగానే కలిపారు: రెండూ మూడూ ఐదు. ఆ రెండేళ్ళూ బాలింతలు సిమెంటు నేల మీద, చాపకు ఇద్దరు చొప్పున పడుకున్నారు.

ఆ శుక్రవారంతో దాతల లెక్కల సంవత్సరం ముగుస్తుంది. సాయంత్రం ఐదింటిలోగా టెండరు తేలకపోతే మంచాలు లేనట్టే.

పదింటికి నాలుగు తాళంచెవులు చేరాయి: లైసన్‌ది, పెద్ద నర్సు ఎస్నాత్‌ది, జిల్లా గుమాస్తాది, దాతల తరఫున వచ్చిన మార్గిత్‌ది. ఐదోది ఊరి తరఫున హెడ్మాస్టరు చవుల దగ్గరుంది. ఆయన మేనత్త ముందురోజు పోయింది. ఆయన పదకొండు మైళ్ళవతల చావింట్లో ఉన్నాడు.

"పోయి పట్రా తమ్ముడూ," అంది ఎస్నాత్. "తెల్లవారుజామున ఇంకో ఇద్దరు కన్నారు. ఇక పరచడానికి చాపలు కూడా లేవు."

లైసన్ మార్గిత్ కారు వంక చూశాడు.

"మా కారులో మా సిబ్బందే ఎక్కాలి, లైసన్. ఏమనుకోకండి."

"అదీ ఆ పుస్తకంలోదేనా మేడమ్?"

"కాదు. అది వేరే పుస్తకం."

ఇక మిగిలింది అంబులెన్సు. అది చావింటి ముందు ఆగగానే ఆడవాళ్ళ ఏడుపు రెట్టింపైంది. ఊరిపెద్ద లేచొచ్చి లైసన్ రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ఆసుపత్రి వాళ్ళకి ఇంత పెద్ద మనసుందనుకోలేదు బాబూ! ఎడ్లబండి ఇరుసు విరిగి శవపేటిక లుంజిలోనే ఉండిపోయింది. సమయానికి బండి పంపారు."

ఆ ముఖం చూశాక తాళంచెవి కోసం వచ్చానని ఎవరు మాత్రం చెప్పగలరు? అంబులెన్సు పేటిక కోసం వెళ్ళిపోయింది. లైసన్ మగవాళ్ళ వైపు చాప మీద, చవుల మాస్టారి పక్కన కూలబడ్డాడు.

"మాస్టారూ, ఆ టెండరు పెట్టె..."

"ష్. మట్టి చేసేదాకా ఆఫీసు మాట ఎత్తకు. అత్త వింటుంది."

"ఒక్క నిమిషం పని మాస్టారూ."

"బతికుండగానే ఆవిడవి పాము చెవులు. ఇప్పుడు ఇంకేమీ పని కూడా లేదు."

ఈలోగా ఆసుపత్రి తరఫున రెండు మాటలు చెప్పమన్నారు. ఎన్నడూ చూడని ఆ ముసలమ్మ గురించి లైసన్ గొంతు సవరించుకుని, ఆమె లేని లోటు ఐదు ఊళ్ళకూ తీరనిదన్నాడు. ఐదే ఎందుకో ఎవరూ అడగలేదు.

అంబులెన్సులో పేటికతో పాటు దాన్ని చేసిన కమ్వెందో తాత కూడా దిగాడు. లుంజిలో వడ్రంగి ఆయనొక్కడే. మంచాలకు టెండరు వేసిన సంగతి ఊరంతా చెప్పుకున్నదీ ఆయనే. పెట్టె తెరిచేలోగా టెండరు వేసినవాళ్ళతో మాట్లాడకూడదని దాతల నియమం. అంత్యక్రియలయ్యాక చవుల మాస్టారు మెళ్ళోంచి తాళంచెవి తీసిచ్చాడు. తిరుగుదారిలో లైసన్, తాత ఒకే సీటు మీద కూర్చోవాల్సొచ్చింది.

"నామీద కోపమా నాయనా?"

లైసన్ కిటికీలోంచి బయటికి చూశాడు.

"ఏదో ఇబ్బందిలో ఉన్నట్టున్నావు. చెప్పరాదూ, నా చేతనైతే సాయం చేస్తా."

పదకొండు మైళ్ళూ లైసన్ కిటికీలోంచే చూశాడు.

నాలుగూ ఇరవైకి ఐదు తాళాలూ తెరుచుకున్నాయి. లోపల ఉన్నది ఒక్కటే కవరు, తాతది. మార్గిత్ రెండుసార్లు చదివింది. "ధర సబబుగా ఉంది. కర్ర మంచిది. ఒక్కటే వచ్చినా ఇవ్వచ్చు," అని నవ్వి కలం తీసింది. ఎస్నాత్ అప్పుడే వార్డులో ఏ మంచం ఎక్కడ వెయ్యాలో వేళ్ళతో లెక్కపెడుతోంది. వరండాలో ఉన్న తాతను లోపలికి పిలిచారు.

"ఓరి నాయనా, ఈ పెట్టె కోసమా పొద్దుట్నించీ ఆ తిరుగుడు!" తాత పగలబడి నవ్వాడు. "నన్నొక్క మాట అడిగితే పోయేదిగా? మూత మడతబందులు బయటే ఉన్నాయి. నాలుగు స్క్రూలు తిప్పితే మూత వెనకనుంచి ఊడొస్తుంది. చేసినవాణ్ణి, నాకు తెలీదూ?"

మార్గిత్ కలం ఆగిపోయింది.

"ఈ పెట్టె మీరు చేశారా?"

"ఇంకెవరు చేస్తారమ్మా ఈ ఊళ్ళో?" అన్నాడు తాత గర్వంగా.

మార్గిత్ తన పుస్తకం తెరిచింది. లైసన్ ఆశగా సర్కారు పుస్తకం తెరిచాడు. టెండరు పెట్టె చేసినవాడికి టెండరు ఇవ్వకూడదు. రెండేళ్ళ సమావేశాల్లో ఎవరి కంటా పడలేదు గాని, రెండు పుస్తకాలూ మాట తేడా లేకుండా ఏకీభవించిన నియమం అదొక్కటే.

"ఆయన కాకపోతే ఇంకెవరున్నారు మేడమ్?" అంది ఎస్నాత్.

"తెలుసు," అంది మార్గిత్ తలెత్తకుండా. ఆమె కళ్ళు తడిశాయి. అయినా, ఇంకో దారి కోసం పుస్తకాలు తిరగేస్తుండగానే గడియారం ఐదు కొట్టింది.

తాత టోపీ చేత్తో పట్టుకుని అందరి వంకా చూశాడు. "నేనేమన్నానని? మంచికే కదా చెప్పాను?"

ఎవరూ బదులు పలకలేదు. ఇప్పుడు ఆయనతో మాట్లాడకూడదనే నియమం ఏదీ లేదు.

ఇంటికి ఉత్తచేతులతో వచ్చిన లైసన్‌ను ఫలేసి చేపల సంగతి అడగలేదు.

సోమవారం తాత స్క్రూడ్రైవరుతో వచ్చి, నాలుగు స్క్రూలూ తిప్పి మూత తీసేశాడు. పెట్టె అంచులు నున్నగా చెక్కాడు. ఎస్నాత్ లోపల పాతగుడ్డల మడతలు పరిచి, ఆ వారం పుట్టినవాళ్ళలో అందరికంటే చిన్నదాన్ని పడుకోబెట్టింది. కాన్పుల వార్డుకు దక్కిన పడక అదొక్కటే. ఐదు తాళాలూ దాని ముందువైపు ఇంకా వేలాడుతూనే ఉన్నాయి. అవి తీసెయ్యాలంటే మళ్ళీ టెండరు పిలవాలట.