విత్తనాల మూటకు సైకిల్ పందెం

ఆ పొద్దున నల్లప్ప అనుకున్నది ఒక్కటే. సైకిల్ పందెం గెలవాలి, బహుమతిగా ఇచ్చే వేరుశనగ విత్తనాల మూటతో ఇంటికి రావాలి. వానలు ముఖం చాటేసి, విత్తనానికని దాచుకున్న గింజలు కూడా వేయించుకు తిన్న తొంభైల నాటి కరువు అది. ఇప్పుడు మబ్బు పడుతోంది, ఇంట్లో చూస్తే గుప్పెడు గింజలు లేవు.

"మూట లేకుండా వస్తే గడప తొక్కొద్దు," అంది భార్య కెంచమ్మ.

"సైకిల్ పందెంలో నన్ను కొట్టేటోడు యాడుండాడే!" అన్నాడు నల్లప్ప.

అబద్ధమేమీ కాదు. అతని పడుచు కాలంలో వాళ్ళ ఊరు రాయచెర్లులో సైకిల్ పందెమంటే నిదానంగా తొక్కే పందెమే. కాలు నేలకు ఆనించకుండా, అందరికన్నా చివర వచ్చినవాడే గెలిచినట్టు. ఆ అద్దె సైకిళ్ళను గట్టిగా తొక్కితే చైను ఊడేది మరి! తరువాత నల్లప్ప గొర్రెల వెంట పడ్డాడు. ఈలోగా సన్న టైర్లు, వంకర హ్యాండిళ్ళు వచ్చి పందెం కాస్తా వేగానికి మారిపోయింది. ఊరందరికీ తెలిసిన సంగతి కనుక అతనికి ఎవరూ చెప్పలేదు.

బడి నుంచి తారురోడ్డు దాకా పోయి తిరిగి రావాలి. యువజన సంఘం పెద్ద దొడ్డన్న విజిల్ ఊదగానే కుర్రాళ్ళు దుమ్ము లేపుకుంటూ పోయారు. 'మొదట్లోనే ఓడిపోయినారు పాపం,' అనుకున్నాడు నల్లప్ప.

"తొక్కు మామా, తొక్కు!" అని జనం అరిచారు.

"మీ మాట ఇని తొక్కితే నా మూట పోతాది!"

మేకలు అతన్ని దాటిపోయాయి. పక్కింటి ఎల్లక్క జనంలోంచి పరుగెత్తుకొచ్చి, "కాళ్ళు పట్టుకున్యాయా అన్నా? బండి కట్టించేదా?" అంది. "నన్ను ఓడించాలని ఎంత ప్రేమమ్మా నీకు!" అన్నాడు నల్లప్ప. అప్పటికే కుర్రాళ్ళు తిరిగొస్తూ ఎదురయ్యారు. సిగ్గుపడి ఇళ్ళకు పోతున్నారనుకుని, వాళ్ళ మీద జాలిపడ్డాడు.

ఆ కుర్రాళ్ళలో కొల్లప్ప మొదట వచ్చి గెలిచాడు. మూట అందుకోబోతుండగా ఉరుము ఉరిమి వాన దబదబా కురిసింది. అతను మేత వామి తడుస్తుందని మూటను బడి అరుగు మీదే వదిలి ఇంటికి పరుగెత్తాడు. జనమూ చెదిరిపోయారు. నల్లప్ప మాత్రం తడుస్తూ, కాలు కింద పెట్టకుండా, చిట్టచివర వచ్చాడు. అరుగు మీద మూట కనిపించింది. నా కోసమే పెట్టి పోయారనుకుని సంతోషంగా ఇంటికి మోసుకుపోయాడు.

తెల్లారి కొల్లప్ప, దొడ్డన్న వచ్చేసరికి మొగుడూ పెళ్ళాలు విత్తడం ముగించి గట్టు మీద కూర్చున్నారు.

"నా మూట యాడ మామా?"

"నీదేందప్పా? కడాకు వచ్చింది నేను గదా!"

"కడాకు వచ్చినందుకే ఓడినావు మామా! ఇప్పుడు ముందొచ్చినోడిదే గెలుపు."

నల్లప్ప ముఖం పాలిపోయింది. దొడ్డన్న చేను వైపు చూసి, "ఇంగ గింజలు ఏరుకునేదానికి కాదప్పా," అన్నాడు.

"అట్లైతే పంటలో సగం నాది!" అన్నాడు కొల్లప్ప.

"అడిగేదేముంది నాయనా, విత్తనం నీదైనప్పుడు సగం ఇయ్యాల్సిందే," అని కెంచమ్మ వెంటనే ఒప్పుకుంది. "సగం కలుపూ నీదే. పార తీసుకోని రా."

నాటి నుంచి కోత దాకా, ఊళ్ళో అందరికన్నా వేగంగా సైకిల్ తొక్కగలిగినవాడు రోజూ ఆ చేనికే తొక్కుకుంటూ వచ్చాడు.